ఈ స్టేషను ఏది? — కొండకు అటా, ఇటా?

బాలలూ!

పోయిన నెల మనం ఒక స్టేషను ఫోటో వేసి, “ఇది ఎక్కడిదో చెప్పండి” అని అడిగాము గదా. చుట్టూ పచ్చని కొండలు, పట్టాల మీద ఒక గూడ్సు బండి, పసుపుపచ్చని బోర్డు. బోర్డు మీది పేరును కాగితంతో కప్పేశాము గాని, సముద్రమట్టానికి ఎంత ఎత్తో తెలిపే అంకె మాత్రం వదిలిపెట్టాము. అది దాదాపు 997 మీటర్లు.

కొండలు చూడగానే చాలామంది “ఘూమ్” అని రాసేశారు. డార్జిలింగు దగ్గర ఉన్న ఘూమ్ 2258 మీటర్ల ఎత్తున ఉన్నది. అక్కడ పట్టాల మధ్య దూరం రెండే అడుగులు. మన ఫోటోలో ఉన్నది బ్రాడ్ గేజి. పట్టాల మధ్య దూరం 1676 మిల్లీమీటర్లు. అంచేత అది ఘూమ్ కావటానికి వీల్లేదు. సరి అయిన జవాబు శిమిలిగుడ. విశాఖపట్నం నుంచి అరకు వెళ్ళే దారిలో వస్తుంది.

శిమిలిగుడకు వెళ్ళివచ్చినవాళ్ళు ఒక ప్రశ్న వేశారు. “దేశంలో బ్రాడ్ గేజి స్టేషన్లన్నిటిలోకి ఎత్తయినది ఇదే అంటారే, నిజమేనా?” అని. ఆ మాట చాలాకాలం నిజమే. కాని 2008లో కాశ్మీరు లోయలో బ్రాడ్ గేజి బండ్లు తిరగటం మొదలైంది. అక్కడి స్టేషన్లు 1500 మీటర్లకు పైనే ఉన్నాయి. దానితో శిమిలిగుడ గొప్ప పాతమాట అయిపోయింది. కనక ఫోటోలో ఏదైనా రాత కనిపిస్తే, ఏమి రాశారో చూసి ఊరుకోకండి. ఎప్పుడు రాశారో కూడా అడగండి. ఈ అలవాటు మనకు ఈ నెల బాగా పనికివస్తుంది.

ఎందుకంటే, ఈ నెల ఫోటో మేము ఎంచినది కాదు. ఏడవ తరగతి చదువుతున్న ఒక పాఠకురాలు పంపించింది. ఆమె ఉత్తరం సారాంశం ఇది:

“ఇది మా తాతయ్య ఫోటో. తాతయ్య రైల్వేలో అసిస్టెంటు స్టేషను మాస్టరుగా పనిచేశారు. ఇప్పుడు లేరు. దసరా సెలవుల్లో అమ్మమ్మను ఈ స్టేషనుకు తీసుకువెళ్ళి చూపించాలని నాన్న అనుకుంటున్నారు. నాన్నకు రెండే రోజులు సెలవు దొరుకుతుంది. కాని ఇది ఏ స్టేషనో ఇంట్లో తేలటంలేదు. అమ్మమ్మ గాజులపల్లె అంటుంది. మామయ్య దిగువమెట్ట అంటాడు. నాన్న డోర్నకల్ అంటారు. అందరూ గట్టిగా మాట్లాడేసరికి అమ్మమ్మ, ‘నాకు ఎనభై దాటాయి, మరిచిపోయి ఉంటాను, మీ ఇష్టం వచ్చినచోటికి తీసుకుపోండి,’ అని లోపలికి వెళ్ళిపోయింది. మీరు చెప్పగలరా?”

చూశారా! మన ఆటలో ఇంతవరకు తప్పు జవాబు చెబితే పోయేది ఏమీ లేదు. ఈసారి తప్పు చెబితే ఒక ముసలావిడ ప్రయాణం వృథా అవుతుంది. అంచేత తొందరపడకుండా, ఒక్కొక్క మెట్టే ఎక్కుదాం.

ముందు ఫోటో చూడండి. నలుపు తెలుపు ఫోటో. మట్టి ప్లాట్‌ఫారం మీద ముగ్గురు మనుషులు నిలబడి ఉన్నారు. కుడి చివర ఉన్నది తాతయ్య. ముగ్గురి మొహాలూ నల్లగా, మసకగా పడ్డాయి. “ఆయన మొహం సరిగా రాలేదు” అని అమ్మమ్మకు ఈ ఫోటో మీద ఎప్పుడూ చింతేనట. వాళ్ళ వెనక కాస్త దూరాన పెద్ద కొండల వరస ఉన్నది. ఎడమపక్క స్టేషను గది, గోడకు గడియారం, వసారాలో కొక్కేలకు వేలాడే ఇసక బకెట్లు నాలుగు. ఇంకా ఎడమన, ఫోటో అంచులో, ఒక క్వార్టర్సు గుమ్మం సగం కనిపిస్తున్నది. కుడిపక్క పట్టాలు. స్టేషను బోర్డు ఉన్నది గాని, ఫోటో తీసినవారు దాని స్తంభం ఒక్కటే పట్టుకున్నారు; పేరు బయటికి పోయింది!

పేరు కనబడకపోతే మనం చేయవలసిన మొదటి పని ఇది: “ఇది ఏ ఊరు?” అని అడగటం మానేసి, “ఇది ఏ ఊరు కాదు?” అని అడగాలి. ఒక్కొక్క ఆధారం కొన్ని ఊళ్ళను కొట్టివేస్తుంది. చివరకు మిగిలినదానిని పరీక్షిస్తే చాలు.

మొదటి ఆధారం పట్టాలు. ఫోటోలో కొలబద్ద లేదు. మరి పట్టాల మధ్య దూరం ఎట్లా కొలుస్తాము? మనిషే కొలబద్ద. బ్రాడ్ గేజి అంటే అయిదు అడుగుల ఆరు అంగుళాలు, ఇంచుమించు ఒక మనిషి నిలువెత్తు. మీటరు గేజి పేరులోనే ఉన్నది, సరిగా ఒక మీటరు; అంటే మనిషి నడుము దాకా. మన ఫోటోలో ఒక కూలీ పట్టాల పక్కనే నిలబడి ఉన్నాడు. అతని పాదాల దగ్గర పట్టాల మధ్య దూరాన్ని కాగితం ముక్కతో కొలిచి, ఆ కాగితాన్ని అతని పక్కన నిలువుగా పెట్టి చూశాను. నడుము దాకానే వచ్చింది. ఇక్కడ ఒక జాగ్రత్త! దూరం పోయినకొద్దీ అన్నీ చిన్నవిగా కనిపిస్తాయి. అంచేత మనిషి ఎక్కడ నిలబడ్డాడో పట్టాలను కూడా అక్కడే కొలవాలి. ముందు ఉన్న పట్టాలను, వెనక ఉన్న మనిషితో పోల్చితే లెక్క తప్పుతుంది.

కనక ఇది మీటరు గేజి. కాజీపేట నుంచి విజయవాడకు పోయే దారిలో ఉన్న డోర్నకల్ బ్రాడ్ గేజి మీది స్టేషను. నాన్నగారి జవాబు దీనితో పడిపోయింది.

అయినా ఇంకొక ఆధారంతో సరిచూద్దాం. ఇసక బకెట్ల మీద ఇంగ్లీషులో ఎస్, ఆర్ అని రెండు అక్షరాలు ఉన్నాయి. దక్షిణ రైల్వే అని అర్థం. ఆ రైల్వే 1951 ఏప్రిల్ 14న ఏర్పడింది. అంతకు పూర్వం గుంటూరు, గుంతకల్లు వైపు బండ్లు నడిపినది మద్రాసు అండ్ సదరన్ మరాఠా రైల్వే. డోర్నకల్ ఉన్న మార్గమో, మొదట నిజాం ప్రభుత్వానిది; 1951 నవంబరులో మధ్య రైల్వేలో కలిసింది; 1966 అక్టోబరు 2న దక్షిణ మధ్య రైల్వే ఏర్పడినప్పుడు అందులోకి వెళ్ళింది. అది ఏనాడూ దక్షిణ రైల్వేలో లేదు. చూడండి, రెండు అక్షరాలు మనకు రెండు పనులు చేసిపెట్టాయి. ఫోటో 1951కి తరవాతిదని చెప్పాయి. అది డోర్నకల్ కాదని మరొకసారి రుజువు చేశాయి. పట్టాలూ, బకెట్లూ ఒకదానితో ఒకటి సంబంధం లేని సాక్షులు. ఇద్దరూ ఒకే మాట చెప్పారంటే నమ్మవచ్చు.

ఇక మిగిలినవి రెండు: అమ్మమ్మ చెప్పిన గాజులపల్లె, మామయ్య చెప్పిన దిగువమెట్ట. అసలు చిక్కంతా ఇక్కడే ఉన్నది. రెండూ ఒకే మార్గం మీద ఉన్నాయి. గుంతకల్లు నుంచి గుంటూరుకు పోయే ఈ మార్గం పూర్వం మీటరు గేజి. 1990 తరవాతి సంవత్సరాలలో దానిని బ్రాడ్ గేజిగా మార్చారు. నంద్యాల దాటిన తరవాత బండి నల్లమల అడవిలో పడి, కొండలు దాటి గిద్దలూరు వైపు దిగుతుంది. నంద్యాల నుంచి వస్తుంటే కొండలకు ఇవతల గాజులపల్లె, అవతల దిగువమెట్ట. రెండుచోట్లా కొండలు కనిపిస్తాయి. రెండుచోట్లా పట్టాలు ఒక్కటే, బకెట్లు ఒక్కటే. ఇక ఏమి చేయాలి?

పటం తెరవండి. నల్లమల కొండలు దక్షిణం నుంచి ఉత్తరానికి బారుగా పడుకుని ఉన్నాయి. గాజులపల్లె వాటికి పడమట ఉన్నది. అక్కడ నిలబడి కొండలను చూస్తే మీ మొహం తూర్పుకు ఉంటుంది. దిగువమెట్ట కొండలకు తూర్పున ఉన్నది. అక్కడ నిలబడి కొండలను చూస్తే మీ మొహం పడమటికి ఉంటుంది. అంటే, మన ప్రశ్న ఇప్పుడు మారిపోయింది. “ఇది ఏ స్టేషను?” అన్నది పోయి, “ఫోటోలో కొండలు ఏ దిక్కున ఉన్నాయి?” అన్నది మిగిలింది. దిక్కు చెప్పేవాడు ఒకడున్నాడు. వాడు ఫోటోలో కనిపించడు గాని, వాడి పని కనిపిస్తుంది. సూర్యుడు!

ముగ్గురి నీడలూ చూడండి. అవి మన వైపు, అంటే ఫోటో తీసినవారి వైపు పడ్డాయి. చాలా పొడుగ్గా పడి, ఫోటో అడుగు అంచు దగ్గర తెగిపోయాయి. నీడ ఇటు పడితే సూర్యుడు అటు ఉండాలి. నీడ పొడుగ్గా ఉంటే సూర్యుడు కిందుగా ఉండాలి. కనక సూర్యుడు కొండల వైపున, ఆకాశంలో కిందుగా ఉన్నాడు. మొహాలు నల్లబడటానికి కూడా కారణం అదే! ఎండ వాళ్ళ వీపుల మీద పడింది, మొహాల మీద పడలేదు. అమ్మమ్మ ఇన్నేళ్ళుగా ఏ లోపానికి చింతిస్తూ వచ్చిందో, ఆ లోపమే మనకు గట్టి సాక్ష్యం అయింది.

సూర్యుడు కిందుగా ఉండేది రోజుకు రెండుసార్లు: పొద్దున తూర్పున, సాయంత్రం పడమట. ఇది పొద్దున అయితే కొండలు తూర్పున ఉన్నాయి, ఊరు గాజులపల్లె. సాయంత్రం అయితే కొండలు పడమట ఉన్నాయి, ఊరు దిగువమెట్ట. ఇక తేలవలసినది ఒక్కటే: పొద్దునా, సాయంత్రమా?

గోడ గడియారంలో ఏడు గంటల ముప్ఫై అయిదు నిమిషాలు అయింది. గడియారం ముఖానికి పొద్దునా సాయంత్రమూ ఒకటే గదా అంటారా? కొంచెం ఆలోచించండి. మన ప్రాంతంలో నడి వేసవిలో, పగలు అన్నిటికన్న పొడుగ్గా ఉన్న రోజుల్లో కూడా సూర్యుడు సాయంత్రం ఏడు లోపలే అస్తమిస్తాడు. ఏడూ ముప్ఫై అయిదుకు ఎండా ఉండదు, నీడా ఉండదు. కనక ఇది పొద్దునే.

“గడియారం ఆగిపోయి ఉంటే?” అని మీలో ఎవరో అడుగుతున్నారు. భేషైన ప్రశ్న! మనకు ఒక జవాబు నచ్చగానే, దానిని బలపరిచే వాటినే వెతుక్కోవాలనిపిస్తుంది. అట్లా చేయకూడదు. దానిని పడగొట్టగలిగినదేదో వెతకాలి. పడగొట్టబోయినా పడకుండా నిలిచిన జవాబే జవాబు. స్టేషను గడియారం ఆగదని ఎవరు హామీ ఇస్తారు? అందువల్ల గడియారాన్ని పక్కన పెట్టి, పొద్దునో సాయంత్రమో చెప్పగల మరొక సాక్షిని వెతికాను.

ఫోటో ఎడమ అంచుకు మళ్ళీ రండి. క్వార్టర్సు గుమ్మం సగం కనిపిస్తున్నదన్నాను గదా. భూతద్దం పెట్టి చూస్తే గుమ్మం ముందు ముగ్గు ఉన్నది. గీతలు తెల్లగా, చుక్కలతో సహా చెక్కుచెదరకుండా ఉన్నాయి. పొద్దున్నే కళ్ళాపి చల్లి వేసిన ముగ్గు, సాయంత్రం దాకా నలుగురూ తొక్కి నడిచే గుమ్మంలో అట్లా నిలుస్తుందా? ఇప్పుడు గడియారమూ ముగ్గూ ఒకే మాట చెబుతున్నాయి.

అయినా, కొందరు సాయంత్రం కూడా ముగ్గు వేస్తారు. కనక ఇంకొక పరీక్ష పెట్టాను. ఆ పాఠకురాలికి ఇట్లా రాశాను: “అమ్మా! నేను అడిగినట్టు అమ్మమ్మనూ మామయ్యనూ విడివిడిగా ఒకే ప్రశ్న అడుగు. ఎందుకు అడుగుతున్నావో చెప్పకు. ఆ రోజుల్లో మీ ఇంటి నుంచి చూస్తే సూర్యుడు కొండల వెనక నుంచి వచ్చేవాడా, కొండల వెనక్కు పోయేవాడా?” ఎందుకో చెప్పవద్దని ఎందుకన్నానో తెలిసిందా? కారణం తెలిస్తే, తమ మాట నెగ్గాలన్న కోరికతో మనసు తనకు తెలియకుండానే జ్ఞాపకాన్ని అటు లాగుతుంది.

జవాబులు వచ్చాయి. మామయ్య, “కొండల వెనక్కే పోయేవాడు. సాయంత్రం మేము గోలీలాడుకుంటూ ఉండగానే కొండ నీడ వచ్చి వాకిట్లో పడేది,” అన్నాడట. అమ్మమ్మ, “ఏ ఇంటి నుంచి? మీ మామయ్య పుట్టకముందు ఉన్న ఇంట్లో అయితే, నేను ముగ్గు వేసి లేచేసరికి ఎండ కొండ మీంచి వచ్చి కళ్ళలో కొట్టేది,” అన్నదట.

ఇద్దరూ నిజమే చెప్పారు. పెళ్ళి అయిన కొత్తలో తాతయ్య గాజులపల్లెలో పనిచేశారు. మామయ్య పుట్టేనాటికి దిగువమెట్టకు బదిలీ అయింది. మామయ్యకు జ్ఞాపకం ఉన్న కొండలు, సూర్యుడు అస్తమించే కొండలు. అమ్మమ్మకు జ్ఞాపకం ఉన్నవి సూర్యుడు ఉదయించే కొండలు. కొండలు ఒకటే, చూసిన వైపు వేరు. ఈ ఫోటో మాత్రం పొద్దున తీసినది, సూర్యుడు కొండల వైపున ఉండగా తీసినది. కనక ఈ స్టేషను గాజులపల్లె. అమ్మమ్మ మరిచిపోలేదు.

ఆ ముగ్గు ఎవరు వేశారో కూడా మనవరాలు అడిగింది. భూతద్దం ఇచ్చి చూపించగా, అమ్మమ్మ చాలాసేపు చూసి, “నేను వేసిందే. ఇది ఇందులో ఉన్నదని నాకు ఇన్నాళ్ళూ తెలియదే!” అన్నదట.

పెద్దలకు ఒక్క మాట. మీ ఇళ్ళలో ఇటువంటి ఫోటోలు పెట్టెల అడుగున ఎన్నో ఉంటాయి. ఇంట్లో ముసలివాళ్ళు ఉండగానే వాటిని బయటికి తీసి, ఎక్కడ, ఎప్పుడు, ఎవరెవరు అన్నది వెనక పెన్సిలుతో మెల్లిగా రాసి పెట్టండి. వాళ్ళు ఒక మాట చెబితే, అది కుదరదని తోచినా, వయసు మీద నెపం వేసి కొట్టివేయకండి. ముందు పరీక్షించి చూడండి.

పిల్లలకు ఒక పని. ఒక మీటరు పొడుగు గల కర్రను చదునైన నేల మీద నిట్టనిలువుగా నిలబెట్టండి. పొద్దున ఏడూ ముప్ఫై అయిదుకు, తరవాత గంట గంటకూ, దాని నీడ ఎంత పొడుగు ఉన్నదో, ఏ దిక్కుకు పడిందో కాగితం మీద రాసుకోండి. నెల తరవాత అదే వేళకు మళ్ళీ కొలవండి. నీడ దిక్కు కాస్త మారి ఉంటుంది. ఎండాకాలంలో సూర్యుడు సరిగ్గా తూర్పున ఉదయించక కొంత ఉత్తరానికి, చలికాలంలో కొంత దక్షిణానికి జరుగుతాడు. ఈ కాగితం మీ దగ్గర ఉంటే, ఎండలో తీసిన ఏ ఫోటో అయినా మీతో కొంత మాట్లాడుతుంది. సూర్యుణ్ణి మాత్రం నేరుగా చూడకండి; నీడను చూస్తే చాలు.

మన పాఠకురాలికి ఒక సలహా. ఇప్పుడు గాజులపల్లెలో మీటరు గేజి పట్టాలు ఉండవు. బ్రాడ్ గేజి వచ్చింది, పైన కరెంటు తీగలు వచ్చాయి. అంచేత ఫోటోతో అన్నీ సరిపోవాలని చూడకు; కొండల వరసను సరిపోల్చుకో, అవి కదలవు. పొద్దున్నే వెళ్ళండి. అమ్మమ్మను ఫోటో తీసేటప్పుడు నువ్వు కొండల వైపు నిలబడి, ఎండ ఆమె మొహాన పడేటట్టు తియ్యి.

వచ్చే నెలకు ప్రశ్న: పక్క పేజీలోని ఫోటో చూడండి. ఇది పడమటి భారతదేశంలోని ఒక స్టేషను. ప్లాట్‌ఫారం మీద ఒక బెంచీ ఉన్నది. బెంచీ మధ్య నిలువుగా ఒక గీత గీసి, గీతకు ఒక పక్క ఒక రాష్ట్రం పేరు, రెండో పక్క ఇంకొక రాష్ట్రం పేరు రాశారు. పేర్లు మేము కప్పేశాము. ఈ స్టేషనులో నాలుగు భాషలు వాడతారు. కాని వాటిని రాయటానికి మూడు లిపులే చాలు! అది ఎట్లా సాధ్యం? ఆ రాష్ట్రాలు ఏవి? ఆ స్టేషను ఏది?

జవాబుతోపాటు, ఏ ఆధారం వల్ల ఏ ఊరిని కొట్టివేశారో కూడా రాయండి. ఊరి పేరు ఒక్కటే రాస్తే సగం మార్కులే!